ఎదుటి టీం స్టార్‌ను ఎవరు ఆపాలె? ఎట్లా ఎంచుకోవాలె?



కామారెడ్డి, ఎల్లారెడ్డి కాలేజీల్లో చదువుకునే మనోళ్లు ఆటల గురించి మాట్లాడుకుంటే ఒక ప్రశ్న తప్పకుండా వస్తది. ఎదుటి టీంలో ఒక మొనగాడు ఉన్నడు. బాల్ అతని చేతికి పోయిందంటే పాయింటే. మరి అతన్ని పట్టుకునేది ఎవరు? చాలాసార్లు ఎవరూ ఆలోచించకముందే జవాబు వచ్చేస్తది: "తండా పిలగాన్ని పెట్టుండ్రి. గట్టోడు, అలుపు రాదు." ఈ మాట మీదనే మేము ఇయ్యాల కొంచెం పొడుగ్గా రాస్తున్నం. ఓపికతో చదవండి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తం. స్టార్‌ను ఆపడం టీంలో చిల్లర పని కాదు, అన్నిటికంటే బుర్ర పెట్టాల్సిన పని. ఆ పనికి మనిషిని ఊరు చూసి, కండ చూసి కాదు, ఎదుటోడి ఆట చూసి ఎంచుకోవాలె. ఎంచుకున్నంక అతను చేసిన పనిని లెక్క రాయాలె. ఈ రెండూ జరగకపోతే మన పిల్లలు కోర్టు అంతా ఉరుకుతరు గానీ సెలక్షన్ రోజు చూపించుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

ముందు మనకు బాగా తెలిసిన కబడ్డీతో మొదలుపెడదాం. కూతకు వచ్చినోన్ని ఎవరు పట్టాలనేది కబడ్డీలో ముందే తేలి ఉంటది. కార్నర్‌లో ఉన్నోడు కాలు అందుకుంటడు, కవర్‌లో ఉన్నోడు డాష్ కొడ్తడు, పక్కోడు చైన్ కడ్తడు. ఎదుటి రైడర్ ఎడమ దిక్కు ఎక్కువ పోతడా, కుడి దిక్కు పోతడా చూసి జాగాలు మారుస్తరు. పట్టుకుంటే పాయింట్ వస్తది. ప్రో కబడ్డీలో అయితే ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది మిగిలి ఉన్నప్పుడు పట్టుకుంటే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. అంటే పట్టినోడి పేరు లెక్కలోకి ఎక్కుతది.

దాని విలువ ఎంతో మన తెలుగు టైటాన్స్ కథే చెప్తది. 2023 వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్ కోసం 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. దేశంలోనే పెద్ద రైడర్, ఆయన ఆటలో లోపం లేదు. అదే వేలంలో పుణేరి పల్టన్ ఎడమ కార్నర్‌లో ఆడే ఇరాన్ ఆటగాడు మహమ్మద్‌రెజా షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పెట్టింది. సీజన్ అయిపోయేసరికి టైటాన్స్ పట్టికలో అట్టడుగున ఉంది. 2024 మార్చి 1న మన హైదరాబాద్‌లోనే జరిగిన ఫైనల్‌లో హర్యానా స్టీలర్స్‌ను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది పుణె. ఒక్క మనిషి వల్ల గెలిచిందనీ ఒక్క మనిషి వల్ల ఓడిందనీ మేము అనం. కానీ పట్టేటోడికి రైడర్‌తో సమానంగా డబ్బు పెట్టిన టీం నష్టపోలేదన్నది కళ్ల ముందే ఉంది.

2018 ఆసియా క్రీడలు కూడా గుర్తు తెచ్చుకోండి. 1990 నుంచి వరుసగా ఏడుసార్లు పురుషుల స్వర్ణం మనదే. జకార్తా సెమీఫైనల్‌లో అజయ్ ఠాకూర్ లాంటి రైడర్ ఉన్న మన టీంను ఇరాన్ 27-18తో ఆపేసింది. మొత్తం మ్యాచ్‌లో మనకు వచ్చినవి 18 పాయింట్లే. పట్టు అంటే అది.

ఇప్పుడు కాలేజీ బాస్కెట్‌బాల్ దగ్గరికి వద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మ్యాచ్ స్కోర్‌షీట్ ఒకసారి చేతిలో పట్టుకుని చూడండి. ఎవరు బాస్కెట్ వేసిండ్రో ఉంటది. ఎవరు ఫౌల్ చేసిండ్రో ఉంటది. నలభై నిమిషాలు స్టార్ ముందర నిలబడి అతనికి బాల్ అందకుండా చేసినోడి పని మాత్రం ఎక్కడా ఉండదు. అతని పేరు పక్కన ఏమన్నా పడిందంటే అది ఫౌలే! మంచి చేస్తే ఖాళీ, తప్పు చేస్తే గుర్తు. సెలక్షన్‌కు వచ్చిన సారు ఆ కాగితం ఒక్కటే చూస్తే ఏమనుకుంటడు? "వీడు పాయింట్లు వేయలే, ఫౌళ్లు నాలుగు చేసిండు" అనుకుంటడు.

ఇది మన దగ్గరి ముచ్చట ఒక్కటే కాదు. అమెరికా ఎన్‌బీఏ తన చరిత్రను 1946 నుంచి లెక్క పెట్టుకుంటది. కానీ బాల్ గుంజుకోవడం, షాట్ అడ్డుకోవడం అధికారికంగా లెక్క రాయడం మొదలుపెట్టింది 1973-74 సీజన్‌లో. ఉత్తమ డిఫెండర్‌కు అవార్డు ఇవ్వడం 1982-83లో మొదలైంది. అంత డబ్బున్న లీగ్‌కే అన్నేళ్లు పట్టింది. మనం అన్నేళ్లు ఆగాల్సిన పని లేదు, ఒక నోట్‌బుక్ చాలు. దాని సంగతి కింద చెప్తం.

స్టార్‌ను ఆపడంలో ఏది చేయొద్దు, ఏది చేయాలె అనేదానికి స్టీఫెన్ కరీ కాలేజీ రోజుల్లోని రెండు మ్యాచ్‌లు చాలు.

మొదటిది 2008 నవంబర్ 25. కరీ అప్పుడు డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీకి ఆడుతున్నడు. వారం ముందే ఓక్లహోమా మీద 44 పాయింట్లు వేసిండు. లొయోలా కాలేజీ కోచ్ జిమ్మీ పాట్సోస్ ఒక పంతం పట్టిండు: ఏం జరిగినా సరే, మ్యాచ్ అంతా కరీ మీద ఇద్దరు ఉండాలె. కరీ ఏం చేసిండు? పోయి మూలకు నిలబడ్డడు. ఇద్దరు డిఫెండర్లూ అతని పక్కనే నిలబడ్డరు. మిగిలిన చోట నలుగురి మీద ముగ్గురు. కరీ ఆ రోజు వేసింది సున్నా. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది. స్టార్‌ను ఆపినం అని చంకలు గుద్దుకునేలోపే మ్యాచ్ పోయింది.

రెండోది అదే సంవత్సరం మార్చి 30. ఎన్‌సీఏఏ టోర్నీలో కాన్సాస్ టీం డేవిడ్‌సన్‌తో ఆడింది. కాన్సాస్ కరీని సున్నాకు ఆపలేదు, 25 పాయింట్లు ఇచ్చింది. కానీ ఆ 25 పాయింట్ల కోసం అతనితో 25 షాట్లు కొట్టించింది. అందులో పడ్డవి తొమ్మిదే. ఆఖరి క్షణాల్లో ఇద్దరు మీద పడేసరికి కరీ బాల్ పక్కోడికి ఇయ్యాల్సి వచ్చింది, ఆ షాట్ పడలేదు. 59-57తో గెలిచిన కాన్సాస్ ఆ ఏడు ఛాంపియన్ అయింది.

తేడా చూసిండ్రా? లొయోలా స్టార్ పేరుతో కొట్లాడింది, కాన్సాస్ స్టార్ ఆటతో కొట్లాడింది. డిఫెండర్ పని స్టార్‌ను మాయం చేయడం కాదు, అతను వేసే ప్రతి పాయింట్‌నూ కష్టం చేయడం. ఈ ఒక్క మాట మనసుల పెట్టుకుంటే ఎవరిని ఎంచుకోవాలో సగం తేలిపోతది.

మిగిలిన సగానికి మేము నాలుగు సంగతులు చూడమంటం.

మొదటిది, ఎదుటోడు ఏం చేస్తడో చూడాలె. అతను దూరం నుంచి షాట్ కొట్టేటోడైతే వెంటపడి తిరిగే కాళ్లు కావాలె, బాల్ అందకముందే అడ్డం ఉండేటోడు కావాలె. లోపలికి దూసుకొచ్చేటోడైతే పక్కకు జరుగుతూ ముందర నిలిచేటోడు కావాలె. బాస్కెట్ కింద ఆడే పొడుగోడైతే కింది నుంచి కాళ్లు ఊని, తొయ్యకుండా నిలబడే బరువు కావాలె. ఒకే మనిషి ఈ ముగ్గురికీ సరిపోడు. "మన దగ్గర ఒక గట్టోడు ఉన్నడు, ఎవరొచ్చినా వాన్నే పెడ్దాం" అనుకుంటే అది ఎంపిక కాదు, బద్ధకం.

రెండోది, ఓపిక. ఐదు ఫౌళ్లకు ఆట నుంచి బయటికే. స్టార్ షాట్ కొడుతున్నట్టు చేయి లేపగానే ఎగిరి మీద పడేటోడు మొదటి పది నిమిషాల్లోనే రెండు ఫౌళ్లు చేసుకుంటడు. కోపం ఉన్నోడికంటే నిదానం ఉన్నోడు ఈ పనికి మేలు.

మూడోది, వంతు. ఒక్కనితో నలభై నిమిషాలు చేయించొద్దు. ఇద్దరు ముగ్గురు పంచుకోవాలె. మిగిలిన నలుగురూ కూడా నోరు తెరిచి "ఎడమకు స్క్రీన్ వస్తుంది", "నేనున్నా" అని చెప్తూ ఉండాలె. స్టార్ దాటి పోయిండంటే తప్పు ఒక్కనిది కాదు, ఐదుగురిది.

నాలుగోది, అడగడం. "నువ్వు చేస్తవా? ఎట్లా చేద్దామనుకుంటున్నవ్?" అని ఆ పిలగాన్ని, ఆ పిల్లను అడగాలె. మనసు పెట్టకుండా జరిగే పని కాదు ఇది.

ఇప్పుడు అసలు మాట. "మన పిల్లలకు దమ్ము ఉన్నది నిజమే కదా, గట్టోడు అంటే పొగడ్తే కదా, తప్పేముంది?" అని కొందరు అడుగుతరు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఎందుకంటే డిఫెన్స్ మనకు నిజంగానే ఒక మంచి తలుపు. తండాల్లో కబడ్డీకి గీత గీస్తే చాలు, వాలీబాల్‌కు రెండు కట్టెలు పాతితే చాలు. బాస్కెట్‌బాల్‌కు రింగు కావాలె, గట్టి నేల కావాలె. అందుకే గాంధారి, లింగంపేట దిక్కు తండాల నుంచి వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది ఈ ఆటను హాస్టల్‌కో కాలేజీకో వచ్చినంకనే పడ్తరు. షాట్ చేతికి రావాలంటే ఏళ్లు కావాలె. కాళ్లతో, కళ్లతో చేసే డిఫెన్స్ ఒక ఏడాది గట్టిగా పడితే వస్తది. ఆలస్యంగా వచ్చినోడు టీంలోకి అడుగు పెట్టాలంటే ఇదే దగ్గరి దారి. దాన్ని మేము వద్దనం.

కానీ తలుపు అనేది లోపలికి పోవడానికి ఉండాలె, అక్కడే నిలబెట్టడానికి కాదు. "గట్టోడు" అన్న మాటలో ఒక మోసం ఉంది. ఆ మాట అన్నంక అతని తెలివి ఎవరికీ కనపడదు. స్టార్ ఏ చేత్తో డ్రిబుల్ చేస్తడో, ఎక్కడ ఆగి షాట్ కొడ్తడో పది నిమిషాల్లో పసిగట్టింది అతని బుర్ర. పేరు మాత్రం కండకు పోతది. ప్రాక్టీస్‌లో అతనికి షాట్లు ఇయ్యరు, "నీకెందుకు, నువ్వు పట్టుకో చాలు" అంటరు. మూడేళ్ల డిగ్రీ అయిపోతది, షాట్ రానే రాదు.

మన జిల్లా తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణను చూడండి. పాకాల నుంచి వచ్చిన పిల్ల. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెను "గిరిజన పిల్ల, గుట్టలు ఎక్కుతది" అని ఊరికే పంపలేదు. భువనగిరి గుట్ట మీద నేర్పించిండ్రు, డార్జిలింగ్ పంపిండ్రు, లడఖ్ చలిలో పరీక్షించిండ్రు, ఆ తర్వాతనే ఎంచుకున్నరు. నేర్పి, చూసి, అప్పుడు ఎంచుకోవడం అంటే అదీ. మన కాలేజీ టీంలకు కూడా ఆ పద్ధతే కావాలె.

అందుకే మన గ్రూపు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది రెండు పనులు.

ఒకటి, నోట్‌బుక్. మ్యాచ్ జరిగేటప్పుడు బెంచి మీద ఉన్నోళ్లలో ఒకరు నాలుగు గీతలు గీసుకుని రాయాలె: మనోడు ముందర ఉన్నప్పుడు స్టార్‌కు బాల్ ఎన్నిసార్లు అందింది, ఎన్ని షాట్లు కొట్టిండు, ఎన్ని పడ్డయి, ఎన్నిసార్లు బాల్ పోగొట్టుకున్నడు. తేదీ, ఎదుటి టీం పేరు వేసి పీడీ సారుతో సంతకం పెట్టించుకోండి. యూనివర్సిటీ సెలక్షన్‌కు డిచ్‌పల్లి పోయిన రోజు నోటి మాటకంటే ఆ కాగితం గట్టిగా మాట్లాడుతది.

రెండోది, స్టార్‌ను ఆపే పని ఒప్పుకునే ముందే నోరు తెరిచి అడగండి: "నేను పట్టుకుంట సారు, నాకు ప్రాక్టీస్‌లో రోజూ షాట్లు కావాలె, నాతో పాటు ఇంకొకరు వంతు తీసుకోవాలె." ఇది గర్వం కాదు, పొగరు అంతకన్నా కాదు. పని చేసేటోడు పనికి తగ్గ లెక్క అడగడం.

కెప్టెన్లుగా ఉన్న మనోళ్లకు కూడా ఒక మాట. రేపు మీ టీంలోకి కొత్తగా ఒక పిలగాడు వస్తడు, ఏ తండానో, ఏ గూడెమో. అతన్ని చూడగానే "వీడు స్టార్‌ను పట్టుకుంటడు" అని మీరు కూడా అనకండి. ముందు ఒక వారం ఆడించి చూడండి. ఏమో, రేపు ఎదుటి టీమోళ్లు తలలు పట్టుకుని "వీన్ని ఎవరు ఆపాలె?" అని అడుక్కునే స్టార్ అతనే కావచ్చు.