రాజుల సమాధుల దగ్గర మనం చూడవలసింది



హాస్టళ్ళ నుంచి హైదరాబాదు విహారయాత్రకు వెళ్ళేవాళ్ళు చార్మినార్, జూపార్కు, గోల్కొండ కోట చూసి తిరిగొస్తారు. కోటకు దగ్గరలోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు మాత్రం టైము చాలదు. "చచ్చిపోయిన రాజుల గోరీలు మనకెందుకు?" అనేవారూ ఉన్నారు. మనలాంటి విద్యార్థులే వాటిని తప్పక చూడాలని నా అభిప్రాయం.

1518 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన వంశం అది. 1591లో హైదరాబాదును కట్టించిన మహమ్మద్ కులీ సమాధి సుమారు 42 మీటర్ల ఎత్తు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం సమాధీ ఆ తోటలోనే ఉంది. కానీ చివరి రాజు, రామదాసు కథలోని తానీషాకు అక్కడ చోటు దక్కలేదు. 1687లో కోటను గెలిచిన ఔరంగజేబు ఆయనను దౌలతాబాదు కోటలో బంధించాడు. బందీగానే చనిపోయిన తానీషాను ఖుల్దాబాదులో పూడ్చిపెట్టారు. గెలిచిన ఔరంగజేబు సమాధి కూడా ఖుల్దాబాదులోనే ఉంది. దానికి గుమ్మటం లేదు, పైన ఆకాశమే. అధికారం ఎన్నాళ్ళుంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

అయితే అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. ఈ గుమ్మటాలకు రాళ్ళు కొట్టిందెవరు? సున్నం రుబ్బిందెవరు? అక్కడి పెద్ద దిగుడుబావిని తవ్విందెవరు? నల్లరాతి గోరీల మీద అందమైన అక్షరాలు చెక్కి ఉన్నాయి. వాటిని చెక్కిన కూలీలకు గోరీ లేదు, పేరూ లేదు. ఇవాళా అంతే. ఏ భవనం శిలాఫలకం చూసినా ప్రారంభించినవారి పేరే ఉంటుంది. ఇటుకలు మోసిన మన అమ్మానాన్నల పేర్లు ఉండవు. కాబట్టి ఆ సమాధులు రాజులవి మాత్రమే కావు. మన తాతముత్తాతల వంటి శ్రామికుల చేతి గుర్తులు కూడా.

ఇంకో మాట. కొందరు అక్కడి గోడల మీద మేకులతో పేర్లు గీకుతారు. 2013లో ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన మరమ్మతులు 2024లో పూర్తయ్యాయి. మేస్త్రీలు పాత పద్ధతిలో సున్నంతో ఆ గోడలను బాగుచేశారు. వాటి మీద గీకితే అవమానం రాజుకు కాదు, ఆ మేస్త్రీకి.

వచ్చే విహారయాత్రలో ఒక పూట ఈ సమాధులకు కేటాయించమని వార్డెన్‌గారిని అడుగుదాం. ఫోటోలు దిగుదాం, తప్పులేదు. కానీ తిరిగొచ్చాక నోటుబుక్కులో రాజుల పేర్లతోపాటు వాళ్ళ కోసం పనిచేసినవారి పనుల పేర్లు కూడా రాసుకుందాం: రాళ్ళు కొట్టడం, సున్నం రుబ్బడం, బావి తవ్వడం. చరిత్రలో మనవాళ్ళు లేరని ఎవరైనా అంటే, ఆ పేజీ తీసి చూపిద్దాం.