సాన పట్టిన చరిత్ర

విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్‌కు వెళ్ళిన ప్రతివారి దృష్టినీ ఇసుకతిన్నెలపై నిలిచిన ఒక నల్లని జలాంతర్గామి ఆకర్షిస్తుంది. అదే ఐ.ఎన్.ఎస్. కుర్సురా. 1969లో భారత నౌకాదళంలో చేరి, 2001లో సేవల నుండి విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా ప్రజలకు దర్శనమిస్తున్నది. దాని ఇరుకైన గదులన్నీ చూసి బయటికి వచ్చిన ఏ బాలుడైనా "ఘాజీని ముంచింది ఇదేనా?" అని అడిగితే ఆశ్చర్యపడనక్కరలేదు. 2017లో విడుదలైన ‘ఘాజీ’ చలనచిత్రాన్ని చూసినవారికి అటువంటి సందేహం కలగడం సహజం.

అయితే ఆ ప్రశ్నకు సమాధానం ‘కాదు’ అనే. 1971 యుద్ధకాలంలో కుర్సురా మన దేశానికి ఆవలివైపున, అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. కుర్సురాయే కాదు, మరే భారతీయ జలాంతర్గామీ ఘాజీతో తలపడినట్లు చరిత్రలో లేదు. మరి ఆ రాత్రి విశాఖ సముద్రంలో జరిగినదేమిటి?

ఘాజీ అమెరికాలో నిర్మితమైన జలాంతర్గామి. దాని తొలి పేరు డయాబ్లో. 1964లో అది పాకిస్తాన్ చేతికి వచ్చింది. 1971 నవంబరు 14న కరాచీ నుండి బయలుదేరి, మన ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతంలో ప్రవేశించింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకి నాశనం చేయడం దాని ప్రధాన లక్ష్యం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఈ ముప్పును ముందే ఊహించారు. విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ దీవుల వైపు పంపి, అది విశాఖ చెంతనే ఉన్నదన్న భ్రమను కల్పించారు. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక విక్రాంత్‌ను అనుకరిస్తూ పెద్దనౌకకు తగినంత వైర్‌లెస్ సందడి చేసింది. విశాఖ బజారులో విక్రాంత్‌కు సరిపడేంత మాంసం, కూరగాయలు కావాలని పురమాయించారు. గూఢచారులెవరైనా ఉంటే ఆ కబురు శత్రువుకు చేరాలన్నదే వారి పన్నాగం.

డిసెంబరు 3 అర్ధరాత్రి సమీపిస్తుండగా రాజ్‌పుత్ రేవు విడిచి సముద్రంలోకి సాగింది. దాని నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. దారిలో నీరు అనుమానాస్పదంగా కదలడం గమనించి, నీటి అడుగున పేలే రెండు డెప్త్ ఛార్జీలను ఆ చోట జారవిడిచారు. కొద్దిసేపటికే భయంకరమైన విస్ఫోటనం వినిపించింది. ఆ శబ్దానికి తీరాన ఇళ్ళ కిటికీలు కంపించాయి. ఘాజీ తొంభైమందికి పైగా నావికులతో జలసమాధి అయింది. ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు.

రాజ్‌పుత్ దాడివల్లనే ఘాజీ మునిగిందని భారత నౌకాదళం ప్రకటించింది. తాను పరచిన మందుపాతరకు తానే గురియై గాని, లోపలి పేలుడువల్ల గాని అది నాశనమైనదని పాకిస్తాన్ వాదించింది. లోపలి పేలుడు అసంభవం కాదని మన విశ్రాంత నౌకాధికారులలోనూ కొందరు అభిప్రాయపడ్డారు. సముద్రగర్భంలో జరిగిన ఘటనకు ప్రత్యక్షసాక్షులు లేరు. అందుచేత ఈ అంశంలో కొంత సందేహం నేటికీ మిగిలి ఉన్నది.

సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో రూపొందిన చలనచిత్రం ఈ సందేహాన్ని పూర్తిగా తుడిచివేసింది. ఎస్-21 అనే జలాంతర్గామిని, అందులోని నావికులను సృష్టించి, సముద్రం అడుగున హోరాహోరీ పోరు జరిపించి, చివరకు ఘాజీని వారిచేత ముంచివేయించింది. ఆ చిత్రం సాంకేతికంగా ప్రశంసనీయమైనది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారాన్ని సైతం అందుకున్నది. ఘాజీ పేరైనా ఎరుగని యువతరానికి ఆ పేరును పరిచయం చేసిన ఘనత కూడా దానిదే. చలనచిత్రం పాఠ్యపుస్తకం కాదు కదా, కథకునికి కల్పనాస్వాతంత్ర్యం ఉండవద్దా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు.

దానికి సమాధానం మన అలంకారశాస్త్రంలోనే ఉన్నది. ఇతివృత్తాలను ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని పూర్వులు మూడు విధాలుగా విభజించారు. పదహారవ శతాబ్దికి చెందిన రామరాజభూషణుడు వసుచరిత్రలో కేవల కల్పనాకథను కృత్రిమరత్నంతోను, పూర్వకథను గనిలో పుట్టిన రత్నంతోను పోల్చి, పూర్వకథకు కల్పన జోడించిన కావ్యాన్ని సాన పట్టిన జాతిరత్నంగా మెచ్చుకున్నాడు. కాబట్టి కల్పనకు మన సంప్రదాయం ఎన్నడూ శత్రువు కాదు. అయితే సాన పట్టడమంటే ఏమిటో ఆలోచించాలి. సాన రాతికి మెరుగు పెడుతుంది, దాగిన కాంతిని వెలికి తీస్తుంది. ఆ రాతిని తీసివేసి మరొక రాతిని దాని స్థానంలో పొదగడం సాన పట్టడం అనిపించుకోదు.

ఈ తారతమ్యం మన జానపద గాయకులకు బాగా తెలుసు. విశాఖకు ఉత్తరాన ఉన్న బొబ్బిలిలో 1757 జనవరి 24న ఘోరయుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగరం పక్షాన నిలిచాడు. ఆ కథను పాడిన గాయకులు వీరుల నోట ఎన్నో మాటలు పలికించారు, తాండ్ర పాపారాయుని రౌద్రాన్ని ఇష్టం వచ్చినంతగా పెంచారు. వారి అభిమానం అంతా బొబ్బిలి పక్షమే. అయినప్పటికీ వారు బొబ్బిలికి విజయాన్ని ప్రసాదించలేదు. కోట కూలిన సంగతిని దాచలేదు. విన్నవారు కంటతడి పెట్టేది ఆ సత్యానికే.

ఇతర దేశాలలోనూ ఈ వివాదం తలెత్తింది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1941 మే నెలలో, బ్రిటిష్ నావికులు యు-110 అనే జర్మన్ జలాంతర్గామిని పట్టుకొని అందులోని రహస్య సంకేతయంత్రాన్ని చేజిక్కించుకున్నారు. 2000లో వచ్చిన ‘యు-571’ అనే అమెరికన్ చలనచిత్రం అటువంటి సాహసాన్ని అమెరికన్ నావికులకు అంటగట్టింది. బ్రిటిష్ పార్లమెంటులోనే దానిపై నిరసన వ్యక్తమైంది. ఆ చిత్ర రచయితలలో ఒకరు తరువాతి కాలంలో తన పనికి పశ్చాత్తాపం ప్రకటించారు. ఒకరి శ్రమఫలాన్ని మరొకరికి కట్టబెట్టడం ఎంత గొప్ప కళకైనా శోభనీయదని దీనివల్ల తెలుస్తున్నది.

‘ఘాజీ’ విషయంలో రాజ్‌పుత్ నావికులకు జరిగినదీ అదే. సేవల నుండి తొలగింపుకు సిద్ధంగా ఉన్న ఒక ముసలి నౌక, శత్రువును తనవైపు ఆకర్షించడానికి ఎరగా మారి చీకటి సముద్రంలోకి వెళ్ళింది. ఒక సేనాని యుక్తి, ఒక నగరపు బజారు, కొన్ని దొంగ సందేశాలు కలిసి ఒక మహానౌకను కాపాడాయి. ఇంతకంటె ఉత్కంఠ కలిగించే కథ వేరొకటి కావాలా? ఉన్న రత్నం కాంతి చాలదనుకోవడం కథకుని పొరపాటే తప్ప చరిత్ర లోపం కాదు. ఆ పొరపాటువల్ల నష్టపోయినవారు తమకోసం వాదించుకోగల స్థితిలో లేరు. వారిలో చాలామంది కాలధర్మం చెందారు.

శత్రుపక్షపు మృతుల విషయంలోనూ సత్యం పట్ల బాధ్యత ఉన్నది. విశాఖ తీరానికి సమీపంలో, దాదాపు 100 మీటర్ల లోతున, ఘాజీ శిథిలాలను మన నౌకాదళం గుర్తించినట్లు 2024లో వార్తలు వెలువడ్డాయి. మరణించినవారి పట్ల గౌరవంతో వాటిని కదలించలేదని కూడా ఆ వార్తలు తెలిపాయి. యుద్ధం చేసినవారే మృతులను అంతగా గౌరవించినప్పుడు, వారి చివరి గడియలను తెరకెక్కించేవారు మరింత జాగ్రత్త వహించవద్దా?

చలనచిత్రాలను నిషేధించమని గాని, కల్పనను బహిష్కరించమని గాని ఎవరూ కోరనక్కరలేదు. ఆరంభంలో క్షణకాలం కనిపించి మాయమయ్యే ‘ఇది కల్పితం’ అన్న ప్రకటన మాత్రం చాలదు. జరిగినదేమిటో, సందేహాస్పదమైనది ఏమిటో, తాము కల్పించినది ఏమిటో చిత్రం ముగిసేవేళ నాలుగు వాక్యాలలో తెలిపితే కళకు వచ్చే లోటు లేదు. ప్రేక్షకునికీ ఒక బాధ్యత ఉన్నది. తెర చీకటి అయిన తరువాత ఇందులో పుట్టురాయి ఎంత, పట్టిన సాన ఎంత అని అతడు విచారించాలి. కుర్సురా ముందు నిలిచి ప్రశ్నించే బాలునికి "ఇది కాదు నాయనా, రాజ్‌పుత్ అనే ఒక పాత ఓడ ఉండేది" అని కథ మొదలుపెట్టి చెప్పగల పెద్దలు విశాఖలో ప్రతి ఇంటా ఉండాలి.