ఉస్తాద్ షెడ్డా, కళాశాలా?

పదో తరగతి ఫలితాలు వెలువడే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లోని ముస్లిం ఇళ్లలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. అబ్బాయిని కళాశాలకు పంపాలా, మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ దగ్గర పనికి పెట్టాలా? డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతున్న పక్కింటి యువకుణ్ణి చూపి, ‘చదివి ఏం బాగుపడ్డాడు?’ అని అడిగే తండ్రిని తప్పుపట్టడం తేలిక. ఆయన లెక్కను కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

ఆ లెక్కలో నిజముంది. బోధన రుసుముల బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదంటూ ప్రైవేటు యాజమాన్యాలు పట్టాలను ఆపివేయడం మనకు కొత్త కాదు. అదే మూడేళ్లలో షెడ్డులోని కుర్రవాడు ఇంజను విప్పి బిగించడం నేర్చి, ఇంటికి నాలుగు రూపాయలు తెస్తాడు.

అయితే, ఇది నిజంగా ఎంపికేనా? కలిగినవారి బిడ్డ చదువు మాని వ్యాపారం పెడితే దాన్ని నిర్ణయమనవచ్చు. పదమూడేళ్లకే పంక్చరు దుకాణంలో చేరిన పిల్లవాడికి నిర్ణయించుకునే అవకాశమే రాలేదు. 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు బడికి వెళ్లనివారో, మధ్యలో మానినవారో అని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. ఉన్నత విద్యలో 2019–20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థులు మరుసటి ఏడాదికి 19.21 లక్షలకు పడిపోయారని కేంద్ర ప్రభుత్వ సర్వేయే చెప్పింది. ఆపై 2022లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ కేంద్రం నిలిపివేసింది. తలుపులు ఒక్కొక్కటే మూసి, ‘వీరికి చదువుపై ఆసక్తి లేదు’ అనడం న్యాయం కాదు.

చేతిపని చిన్నది కాదు. కానీ ధ్రువపత్రం లేని పనితనాన్ని బ్యాంకు గాని, కర్మాగారం గాని గుర్తించవు. విద్యుత్ వాహనాలు వచ్చి పాత విద్య చెల్లని నాడు కొత్తది నేర్వడానికి అక్షరమే ఆధారం. అందుకే ఈ రెంటి నడుమ ఉన్న దారిని మన పిల్లలకు చూపాలి. వనపర్తి సంస్థానాధీశుల రాజప్రాసాదంలో 1959 నుంచి ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. పాలిసెట్ రాసి అక్కడ డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. బీసీ–ఇ సముదాయాలకు 2007 చట్టం కల్పించిన 4 శాతం రిజర్వేషన్ ఉంది. బడి మానినవారికి సార్వత్రిక పాఠశాల ఉంది.

ఆడపిల్లల సంగతి వేరు. కళాశాల కాకుంటే వారి ముందుండేది షెడ్డు కాదు, పెళ్లి. గద్వాల కోటలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు వెళ్లే అమ్మాయికి ఆ మూడేళ్లు ఉద్యోగం ఇవ్వకపోవచ్చు. తన జీవితం గురించి తాను మాట్లాడగల వయసునూ, ధైర్యాన్నీ ఇస్తాయి. దీన్ని జీతంతో తూచలేం.

ప్రభుత్వం బకాయిలు చెల్లించాలి. పట్టాలు ఆపే యాజమాన్యాలను అదుపు చేయాలి. షెడ్డుల్లో పనిచేసే యువకుల నైపుణ్యాన్ని వారి ఊళ్లోనే పరీక్షించి ధ్రువపత్రమివ్వాలి. మన బాధ్యతా తక్కువ కాదు. జుమా నమాజు తర్వాత మసీదు కమిటీలు పాలిసెట్ గడువునూ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు పొందే విధానాన్నీ ప్రకటించడానికి ఐదు నిమిషాలు చాలు. ‘చదువు’ అన్న ఆజ్ఞతో దివ్యావతరణ మొదలైందని నమ్మే సమాజం ఆ ఐదు నిమిషాలు కేటాయించలేదా?