ఎడమ మర

ఆదివారం తెల్లారగట్ల హైదరాబాద్ శివారు నార్సింగి వైపు వెళ్తే కనబడే దృశ్యం ఇది. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచాక ఇక్కడికొచ్చే గుంపులు ఇంకా పెరిగాయి. ఎండెక్కే వేళకి తొక్కడం ముగించి, చాయ్ బండి దగ్గర సైకిళ్లు గోడకి చేరేస్తారు. ఇక మొదలవుతుంది. ఒకాయన పక్కాయన సైకిల్ని పైగొట్టం కింద రెండు వేళ్లు పెట్టి లేపుతాడు. "ఏడున్నర కిలోలుంటుందా?" "ఏడు రెండొందలు. పెడళ్లు లేకుండా." ఇంకొకాయన మోకాళ్ల మీద కూర్చుని వెనక గేర్ల పళ్లు లెక్కపెడతాడు. చెమట ఆరేదాకా సాగే ఈ సంత నాకు ప్రాణం. పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడూ, అరవై దాటిన డాక్టరుగారూ ఒక గొలుసు గురించి అరగంటసేపు సమానంగా వాదించుకునే చోటు మన ఊళ్లలో మరొకటి నేను చూడలేదు.

అయితే ఆ సంతలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. దీన్ని విప్పి మళ్లీ బిగించగలమా? పదేళ్ల తరవాత దీనికి సామాను దొరుకుతుందా? సైకిళ్లు పోగుచేసేవాళ్లూ, విడిభాగాలు తెచ్చి కూర్చుకునేవాళ్లూ, పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లూ అందరికంటే ముందు అడగాల్సింది ఇదేనని నా నమ్మకం. అదెలా కలిగిందో చెప్తాను.

నాలుగేళ్ల కిందట ఒక ఉక్కు ఫ్రేమ్ నా చేతికొచ్చింది. మిత్రుడి మేనమామ 1970లలో ఇంగ్లండులో చదువుకుంటూ కొనుక్కుని, తిరిగొస్తూ వెంట తెచ్చుకున్నది. ఆయన పోయాక అటక మీద ఉండిపోయింది. రంగు పెచ్చులు లేచింది. సీటు గొట్టం మీది స్టిక్కరు సగానికి పైగా చెరిగిపోయి 'రెనాల్డ్స్ 531' అన్నంతవరకే మిగిలింది. తెలిసినవాళ్లకి ఆ మూడంకెలు చాలు. బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసుకునే రెనాల్డ్స్ కుటుంబం 1897లో గొట్టాన్ని చివర్లలో మందంగా, నడుమ పల్చగా చేసే పద్ధతికి పేటెంటు తీసుకుంది. అతుకు పడే చోట బలం ఉంటుంది, మిగతాచోట బరువు తగ్గుతుంది. 1935లో వాళ్లే 531 ఉక్కు తెచ్చారు. గోటితో కొట్టి చూడండి. గొట్టం నడుమ గంటలా మోగుతుంది, అతుకు దగ్గరికొచ్చేసరికి ఆ మోత అణిగిపోతుంది.

అన్నీ ఊడాయి గాని పెడళ్ల ఇరుసు కూర్చునే గూడు, మెకానిక్కులు బీబీ అంటారే అది, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వారం రోజులు నూనె పోసి నానబెట్టాను. కుడివైపు కప్పుకి పానా పట్టించి, పానాకి ఇనుప గొట్టం తొడిగి, ఉన్న బలమంతా పెట్టి తిప్పాను. ఇసుమంతైనా కదల్లేదు. చివరికి సికింద్రాబాద్‌లో ఒక పాత సైకిల్ షాపుకి మోసుకెళ్లాను. షాపంటే రేకు కప్పు, నాలుగడుగుల బల్ల, దాని మీద ఒక వైస్, గోడకి వేలాడే టైర్లు. అక్కడి పెద్దాయన ఫ్రేమ్‌ని వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఎటు తిప్పినవ్ సార్?"

చూపించాను.

"గందుకే. గిది ఉల్టా చూడీ. నువ్వు ఇప్పుతలేవు, బిగిస్తున్నవ్."

ఆ తరవాత ఆయన చేసిన పని నా కళ్లముందు ఇంకా ఉంది. పానా ముట్టుకోలేదు. కప్పు అంచుని వైస్ పళ్ల మధ్య పెట్టి గట్టిగా బిగించాడు. ఫ్రేమ్ మొత్తాన్నీ రెండు చేతులా పట్టుకుని, తిరగలి తిప్పినట్టు, దాన్నే తిప్పాడు. ఆ గొట్టాల పొడవంతా ఆయనకి పిడి అయింది. టక్‌మని ఒక్క శబ్దం. కప్పు వదిలింది. లోపల గ్రీజు తారులా గట్టిపడి ఉంది. కిరోసిన్ గిన్నెలో వేసి బ్రష్షుతో తోమి, గోళీలు లెక్కపెట్టాడు. పక్కకి పదకొండు, మొత్తం ఇరవై రెండు. "అన్నీ ఉన్నయ్" అన్నాడు, తప్పిపోయిన పిల్లలు దొరికినట్టు.

కుడివైపు కప్పుకి మర ఎడమకి ఎందుకు తిరగాలి? ఒక పెన్సిలుని పిడికిట్లో వదులుగా పట్టుకుని, పైకొచ్చిన కొనను గుండ్రంగా తిప్పి చూడండి. కొనను మీరు ఒకవైపు తిప్పుతుంటే పెన్సిలు తన చుట్టూ తాను రెండోవైపు తిరుగుతుంది. ఇరుసుకీ కప్పుకీ మధ్య జరిగేదీ ఇలాంటిదే. మనం తొక్కుతున్న కొద్దీ కప్పు అడుగులో అడుగుగా వెనక్కి జరగాలని చూస్తుంది. మామూలు మరైతే కొన్నాళ్లకి ఊడొస్తుంది. ఎడమ మరైతే ఆ జరుగుడే దాన్ని బిగిస్తుంది. ఎడమ పెడలుకి ఎడమ మర ఉండటం కూడా ఈ కుటుంబంలోని తెలివే. ఊళ్లో పంచర్లు వేసే ఏ కుర్రాడినడిగినా ఎడమ పెడలు ఉల్టా అని చెప్తాడు. కారణం చెప్పలేకపోవచ్చు, చెయ్యి మాత్రం తప్పు వైపు వెళ్లదు.

ఆ గూటి లోపలి మర కొలత 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. దీన్ని ప్రపంచమంతా బీఎస్ఏ మర అంటుంది. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, తుపాకులు చేస్తూ సైకిళ్లలోకీ దిగిన కంపెనీ. మనకి ఆ పేరు వేరేలా తెలుసు. అంబత్తూరు టీఐ సైకిల్స్ చేసిన బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ మీద, లేడీబర్డ్ మీద బడికి వెళ్లిన తరం మనలో ఎంతో ఉంది. హ్యాండిల్ కింద ఆ మూడక్షరాలు చూస్తూ పెరిగాం గాని, అవి ఒక కొలత పేరు కూడా అని నాకు నలభై దాటాకే తెలిసింది.

అన్ని సైకిళ్లకీ ఈ మర ఉండదు. ఇటలీ వాళ్లది 36 మిల్లీమీటర్ల మర, రెండు పక్కలా కుడికే తిరుగుతుంది. అందుకే పాత ఇటలీ సైకిళ్ల కుడి కప్పు వదులవుతుందన్న ఫిర్యాదు. ఫ్రాన్సువాళ్లు 35 మిల్లీమీటర్లతో తమ దారి తాము పోయారు. ర్యాలీ తన కార్ఖానా కోసం 26 చుట్ల మర పెట్టుకుంది. పాత ఫ్రేమ్ కొనేముందు అనుభవజ్ఞుడు రంగు చూడడు, ముందు గూట్లోకి టార్చి వేసి మర చూస్తాడు. సామాను దొరకని మర ఉన్న అందమైన ఫ్రేమ్ గోడకి తగిలించుకోవడానికే మిగులుతుంది.

కార్బన్ ఫ్రేములొచ్చాక మరనే తీసేశారు. ఇరుసు లావైతే గట్టిదనం పెరుగుతుంది, మర లేకపోతే కొన్ని గ్రాములు తగ్గుతాయి, ఫ్యాక్టరీలో పని సులువవుతుంది. కానన్‌డేల్ తన బీబీ30 కొలతను 2006లో అందరికీ తెరిచాక ఒక్కో కంపెనీ ఒక్కో కొలతతో వచ్చింది. మర లేని గూట్లోకి కప్పుని ఒత్తి కూర్చోబెట్టడమే. గూడు వెంట్రుకవాసి తేడాగా వచ్చినా ఎక్కుడులో కిర్రు, కిర్రు. వేలకి వేలు పోసిన సైకిలు మీద ఆ శబ్దం వింటూ తొక్కిన మిత్రులు నాకున్నారు. గ్రీజు పెడితే నెల, జిగురు పెడితే రెండు నెలలు. ఆ కంపెనీలే మళ్లీ మర వైపు నడిచాయి. స్పెషలైజ్డ్ 2020లో తెచ్చిన టార్మాక్ ఎస్ఎల్7లో పాత బీఎస్ఏ మర తిరిగొచ్చింది. ట్రెక్ తన రోడ్డు సైకిళ్లలో టీ47 అనే పెద్ద మర పెట్టింది. బర్మింగ్‌హామ్ కొలత గెలిచిందని నేను సంబరపడను. మెకానిక్కు చేతికి పని చేయనిచ్చే కొలత గెలిచింది, అందుకు సంతోషం.

బరువు సంగతి కూడా చెప్పాలి. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. ఎర్నెస్టో కొల్నాగో కట్టిన ఆ ఉక్కు సైకిలు ఆరు కిలోల లోపే. గొలుసుకి కూడా చిల్లులు పొడిచి గ్రాములు తీశారు. ఇప్పుడు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రేసు సైకిలు 6.8 కిలోలకి తగ్గకూడదంటుంది, 2000 నుంచీ ఇదే నియమం. అంటే తేలిక అనేది ఎప్పుడో చేతికందిన పండు. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకోండి. అర కిలో తగ్గిస్తే గంటసేపు ఎక్కే ఘాట్‌లో మిగిలేది ఇరవై సెకన్ల పైచిలుకు. ప్రాణం పెట్టి రేసు గెలవాల్సినవాడికి అది పెద్దదే. చాయ్ బండి దగ్గర ఆగేవాడికి కాదు. పోల్చేటప్పుడు చేసే ఇంకో పొరపాటు టైర్లది. పాత సైకిలుకి 23 మిల్లీమీటర్ల టైరు, 110 పౌండ్ల గాలి. కొత్తదానికి 28 మిల్లీమీటర్ల టైరు, మెత్తటి గాలి. రెండూ తొక్కి "ఉక్కు గట్టిగా కొడుతోంది, కార్బన్ మెత్తగా ఉంది" అని తీర్పు. రెండింటికీ ఒకే టైరు వేసి, ఒకే గాలి కొట్టి, ఒకే రోడ్డు మీద తొక్కండి. అప్పుడు మాట్లాడుకుందాం.

విప్పి బిగించగలగడం ఎంత విలువైనదో ఒక రాత్రి నాకు తెలిసొచ్చింది. 300 కిలోమీటర్ల బ్రెవెట్, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సవారీ. గడువు 20 గంటలు. జడ్చర్ల దాటాక చీకట్లో గుంతలో పడి నా వెనక చక్రం పుల్ల ఒకటి తెగింది. ముప్ఫై రెండు పుల్లల చక్రం. పంచర్ షాపు కుర్రాడు తెగిన పుల్ల లాగేసి, అటూ ఇటూ ఉన్న పుల్లల్ని కొంచెం వదులుచేసి, కొంచెం బిగించి, చక్రాన్ని తిప్పుతూ వేలి గోరు రిమ్ముకి ఆనించి బెండు తీశాడు. పదిహేను నిమిషాలు. ఒక్కో పుల్లనీ మీటి, మోత కలిసిందో లేదో విన్నాడు. నాతో వచ్చిన మిత్రుడి సైకిలుకి సీటు గొట్టాన్ని పట్టే బిగింపు జారింది. ఆ కంపెనీ ఆ మోడలుకే చేసిన ముక్క అది. దాని బోల్టు తల అరిగి ఏ పానాకీ పట్టలేదు. కుర్రాడు తిప్పి తిప్పి చూసి, "దీనికి నా దగ్గర ఏం లేదన్నా" అన్నాడు. ఆ మాట అంటూ సిగ్గుపడినట్టు కనిపించాడు. సిగ్గుపడాల్సింది అతను కాదు. నా మిత్రుడు తెల్లారాక బస్సెక్కాడు.

పాత సైకిళ్లని ప్రేమించే పద్ధతి ఇటలీలో ఒకటుంది, నాకెంతో నచ్చుతుంది. టస్కనీలోని గయోలె ఊళ్లో 1997లో మొదలైన లెరోయికా అనే సైకిల్ సవారీ. 1987కి ముందు నాటి రోడ్డు సైకిళ్లు, గేరు మీటలు కింది గొట్టం మీదే ఉండాలి, బ్రేకు తీగలు హ్యాండిల్ బయటే కనబడాలి. వాటితో మట్టిరోడ్ల మీద వంద, రెండొందల కిలోమీటర్లు. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి అక్కడ బహుమతి లేదు. ఇటలీలోనే, కోమో సరస్సు పైకొండ మీద మడొన్నా దెల్ గిసాల్లో చిన్న చర్చి గోడలకి ఒకప్పటి రేసు వీరులు కోప్పీ, బార్తాలీల సైకిళ్లు వేలాడతాయి. 1995 టూర్ ద ఫ్రాన్స్‌లో పడి చనిపోయిన ఫాబియో కసార్తెల్లి సైకిలు కూడా, వంకరైన ముందు భాగంతో, అక్కడే ఉంది. అది వేరే విషయం, దండం పెట్టాల్సిన విషయం. మిగతావాళ్లం మన సైకిళ్లని తొక్కాలి.

నార్సింగి మిత్రులకి నా విన్నపం ఒకటే. తరవాతి సైకిలు కొనేటప్పుడు బరువు కంటే ముందు గూటి మర అడగండి, పుల్లల లెక్క అడగండి, సీటు గొట్టం గుండ్రమా కాదా అడగండి. చక్రం బెండయితే కొరియర్‌లో బెంగళూరు పంపకముందు మీ వీధిలో రేకు కప్పు కింద కూర్చున్నాయన దగ్గరికి ఒకసారి వెళ్లండి. అడిగిన దానికి రెట్టింపు ఇవ్వండి. ఆయన పిల్లలెవరూ ఈ పనిలోకి రావడం లేదు. ఆయన చేతిలో ఉన్నది ఆయనతోనే పోతోంది.

ఫ్రేమ్‌కి రంగు వేయించి మళ్లీ ఆ షాపుకే పట్టుకెళ్లాను. కొత్తగా తెప్పించిన బీబీ అట్టపెట్టెలో ఉంది, గోళీలు లోపలే మూసేసిన రకం. యాభై ఏళ్ల కిందటి గూడు, నిరుటి సరుకు. పెద్దాయన మరకి గ్రీజు రాసి, నా చేతికిచ్చాడు. పానా తీయబోతే వారించాడు.

"ముందు వేలితోని తిప్పు సార్. వేలితోని పోతే మంచిగ కూసున్నట్టు."

ఎడమకి తిప్పాను. పోయింది.

— పథికుడు