లెక్క చూపని త్యాగం

బీదరికం గొప్పదని మాకు బోధించే గురువులారా, ఆ గొప్పతనం మీకెందుకు వద్దు?

అమెరికాలో జిమ్ జోన్స్ అనే తెల్లదొర ‘పీపుల్స్ టెంపుల్’ పెట్టాడు. సొంతాస్తి కూడదు, అంతా ఉమ్మడే అన్నాడు. తెల్లవాళ్ల మధ్య చోటు దొరకని నల్లవాళ్లు సమానత్వం దొరికిందని నమ్మారు. ముసలమ్మలు ఇళ్లు రాసిచ్చారు, నెలనెలా పింఛను చెక్కులు చేతికిచ్చారు. గయానా అడవిలో పొద్దస్తమానం చాకిరీ చేశారు. వాళ్ల పళ్లెంలో అన్నం, పల్చటి పులుసు. వాడి ఇంట్లో ఫ్రిజ్! ఉమ్మడి సొమ్మేమో లక్షలాది డాలర్లుగా విదేశీ బ్యాంకుల్లో మూలిగింది. 1978 నవంబరు 18న విషం తాగించాడు. పోయిన 900కు పైగా ప్రాణాల్లో 300కు పైగా పిల్లలవే. ఎక్కువమంది నల్లవాళ్లే.

పిచ్చోళ్ల కథని కొట్టిపారెయ్యకండి. సమానత్వానికి మొహం వాచినవాళ్లనే ఇలాంటివాళ్లు వెతుక్కుంటూ వస్తారు. మన వాడలకూ వస్తారు.

బళ్లో కూడికలు, తీసివేతలు నేర్పేవాళ్లం, మేం చెప్పేది ఒక్కటే: లెక్క అడగండి. జాతర చందాకు పైసాతో సహా లెక్క చెప్పించుకునే వాడ, గురువు దగ్గర నోరెందుకు మూసుకోవాలి? లెక్క చూపనివాడిది త్యాగం కాదు, దోపిడీ. బీదరికం మాకు వ్రతం కాదు, మా నెత్తిన రుద్దిన శిక్ష.

జై భీమ్!