చేతికి తెలిసిన చదువు

వాహనాన్ని పరుగు తీయించడం అందరికీ ఇష్టమే. దానిని ఆపేదేమిటో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం కొందరికే కలుగుతుంది. మోటారు సైకిలు వెనుక బ్రేకు ప్యాడ్లను ఇంటి వద్ద మనమే మార్చుకోవచ్చునా అని అడిగితే, "మెకానిక్కు ఉండగా మనకెందుకు ఆ శ్రమ?" అంటారు చాలామంది. మార్చుకోవచ్చుననీ, యువతీయువకులు ఆ పనిని తప్పక నేర్చుకోవాలనీ నా అభిప్రాయం. అయితే దానికి ఒక నియమం ఉన్నది.

డిస్కు బ్రేకు పనితీరు సులభంగానే బోధపడుతుంది. పెడల్ నొక్కగానే గొట్టంలోని ద్రవం కాలిపర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. చక్రంతోపాటు తిరిగే ఉక్కు పళ్లెమును ప్యాడ్లు ఇరువైపులా ఒరుసుకొని పట్టుకుంటాయి. వేగం వేడిగా మారి, చక్రం నిలుస్తుంది. ఆ రాపిడిలో ప్రతిసారీ ప్యాడు కొంత అరుగుతుంది. ఉపేక్షిస్తే లోహం లోహాన్ని ఒరిసి పళ్లెం కూడా పాడవుతుంది.

బండిని చదునైన నేలపై కదలకుండా నిలిపి, డిస్కు చల్లారిన తరువాత పిన్నులు విప్పి, పాత ప్యాడ్లను తీయాలి. పిస్టన్‌ను మెల్లగా లోపలికి నెట్టి కొత్తవి అమర్చాలి. ప్యాడ్లకు నూనె అంటరాదు. వాటి ధూళిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

తొలిసారి ఈ పని ముగించినప్పుడు నేను గర్వంతో వెంటనే బండి ఎక్కాను. వీధి మలుపు వద్ద పెడల్ నొక్కితే అది ఏ ప్రతిఘటనా లేకుండా కిందికి జారిపోయింది. ముందు బ్రేకు నన్ను కాపాడింది. లోపలికి నెట్టిన పిస్టన్ తిరిగి ప్యాడ్లను తాకేవరకు, పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు నొక్కాలన్న చిన్న విషయాన్ని నేను మరచాను. విప్పి బిగించడం వచ్చినంత మాత్రాన పని వచ్చినట్లు కాదని ఆనాడు గ్రహించాను.

నేను చెప్పిన నియమం ఇదే: తెలియని చోట ఊహించరాదు. మొదట అనుభవజ్ఞుని చెంత నిలిచి చూడాలి. బండితో వచ్చిన పుస్తకం చదవాలి. సందేహం మిగిలితే బండి కదిలించరాదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుండి 125 సీసీకి మించిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి. కాని ఎంతటి సాధనమైనా అరిగిన ప్యాడ్లకు పట్టు కల్పించలేదు.

ఇలా అందరూ నేర్చుకుంటే మెకానిక్కుల జీవనోపాధి ఏమవుతుందని కొందరు అడగవచ్చు. ఒక్కసారి తన చేతులకు మసి అంటించుకున్నవాడు, ఆ పని చేసేవారి కూలి వద్ద బేరమాడడు. వారిని చులకనగా పిలవడు. వారి నైపుణ్యమూ విద్యయేనని అతనికి అనుభవం చెబుతుంది. చేతిపనిని తక్కువగా చూసే చదువు సగం చదువే. తన ప్రాణాన్నీ, దారిన పోయే వారి ప్రాణాన్నీ నిలిపే బ్రేకు గురించి తెలుసుకోవడం ఆ లోటును తీర్చుకొనే తొలి మెట్టు.