ప్లగిన్ ఎవరి కోసం?

మొన్న ఆదివారం హనుమకొండలో మా ఇంటికొచ్చిన తమ్ముడు టిఫిన్ ప్లేటు ముందు పెట్టుకుని ఒకటే ఆలోచన. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే సాధనం ఒకటి వాడూ, స్నేహితులూ కలిసి తయారుచేశారు. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇప్పుడు దానికి ప్లగిన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం, చేద్దామంటున్నారు. "గప్పుడు అందరికీ అందుతది గదక్కా" అంటాడు.

ఆ 'అందరికీ' దగ్గరే నాకు పేచీ. మా ఎదురింటి పిల్ల తొమ్మిదో తరగతి. ఇంట్లో లాప్‌టాప్ ఉంది, కానీ అది అన్నది. ముట్టుకుంటే "పాడుచేస్తవు" అంటారు. బడి కంప్యూటర్లలో ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డు సారు దగ్గరే. ఇక మిగిలింది అమ్మ ఫోను, అదీ రాత్రి గిన్నెలు కడిగాక. ఫోనులోని క్రోమ్‌లో ప్లగిన్లు పెట్టుకునే వీల్లేదు. మరి ఆ పిల్ల లెక్కలో లేనట్టేనా?

పైగా ప్లగిన్ అంటే అద్దింట్లో సొంత డబ్బుతో గది వేసుకోవడమే. తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లో తలా ఒక ఫాంటుతో వచ్చిన రోజుల్లో, ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ'ను ఫైర్‌ఫాక్స్ కోసం నాగార్జున వెన్న రాశారు. ఎంత మేలైన పనో! అయితే 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి, పాత పద్ధతిలో రాసినవాటిని తిరగరాస్తే తప్ప నడవవంది. ఎంఐటీ వాళ్ల 'స్క్రాచ్' కూడా అంతే. 2007లో కంప్యూటర్‌లో ఎక్కించుకునేదిగా మొదలై, 2013లో ఫ్లాష్ ప్లగిన్ ఊతంతో బ్రౌజర్‌లోకి వచ్చింది. 2020తో ఫ్లాష్‌ను ఆపేస్తామని అడోబి 2017లోనే చెప్పడంతో, 2019 జనవరికల్లా ప్లగిన్ అక్కర్లేకుండా కొత్తగా రాసుకున్నారు. నెట్ లేనివాళ్ల కోసం ఎక్కించుకునే రూపాన్నీ ఉంచారు. వాళ్లకు మనుషులున్నారు. ఆదివారాలు మాత్రమే పనిచేసే మావాళ్లకు ఎవరున్నారు?

"కంప్యూటర్ల ఉన్న ఫైళ్లతోని పనిజెయ్యాలంటే ప్లగినే సులువక్కా" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి అడిగే ప్లగిన్లూ ఉన్నాయి. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో ఏ తల్లి ధైర్యంగా 'సరే' నొక్కుతుంది? ఇన్‌స్టాల్ చేసుకునేది అట్లాగే ఉంచి, ప్లగిన్‌కు పెట్టే శ్రమను లింకు నొక్కితే తెరుచుకునే మామూలు పేజీ మీద పెట్టమన్నాను.

"ఇంకో రెండు నెలలు పడుతదక్కా."

"పట్టనియ్ తమ్మీ. మొదటి పాఠం కాంగనే తే, ఎదురింటి పిల్లకు నా ఫోన్ల చూపిద్దాం."